కిడ్నీ మార్పిడి తరువాత ఏది మేలు: నడకా, సైకిలా, తోటపనా?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇంటికి చేరిన వారిని కదలవద్దని ఇంటిల్లిపాదీ బతిమాలుతారు, మరోవైపు జీడితోట రమ్మని తొందరపెడుతుంది. పడుకుని ఉండడం మాత్రం మేలు కాదు. మార్పిడి తరువాత వాడే స్టెరాయిడ్ మాత్రలు తొడ కండరాలను, ఎముకలను బలహీనపరుస్తాయి. కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందుతో కలిసి రక్తంలో చక్కెరనూ పెంచగలవు. మందులు మానలేము గనుక వాటి వల్ల కలిగే నష్టాన్ని శరీర శ్రమతోనే కొంతైనా పూడ్చుకోవాలి. 1978లో ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మౌత్‌లో మొదలైన ప్రపంచ ట్రాన్స్‌ప్లాంట్ క్రీడల్లో అవయవ మార్పిడి జరిగినవారే పరుగుపందేలలో పాల్గొంటున్నారు.

అన్నింటిలో నడకకే నా మొదటి ఓటు. అది ఆసుపత్రి వార్డులోనే మొదలవుతుంది, పైసా ఖర్చు లేదు, ఎంత నడవాలో మన చేతిలోనే ఉంటుంది. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడికి నెలల మీద నెమ్మదిగా చేరుకోవచ్చు. పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత వేగం సరిపోతుంది. బారువ తీరంలో నడిచేవారు మొదట్లో మెత్తటి ఇసుకను వదిలి, అలలు తడిపిన గట్టి ఇసుక మీద నడవడం మంచిది. ఎండ ఎక్కకముందే ముగించాలి, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) పెరగవచ్చు, పైగా రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్ల చర్మ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువ.

సైకిల్ మోకాళ్లకు సుఖమే గాని, పడితేనే ప్రమాదం. కొత్త కిడ్నీని నడుము వెనుక కాక పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు; అక్కడ దానికి పక్కటెముకల రక్షణ ఉండదు కాబట్టి హ్యాండిల్ గుచ్చుకుంటే నేరుగా దెబ్బ తగులుతుంది. కబడ్డీ వద్దనేదీ ఇందుకే. డయాలిసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపి వేసిన ఫిస్టులా ఇంకా పనిచేస్తుంటే, దానికి గాయమైనా రక్తం ధారగా పోతుంది. కదలకుండా నిలిచి ఉండే వ్యాయామ సైకిల్‌కు ఈ భయం లేదు.

"తోటలో పని చేస్తున్నాను కదా, వేరే వ్యాయామం ఎందుకు?" అనే మాటతో నేను ఏకీభవించలేను. పనిలో బరువును, వేళను నిర్ణయించేది మన ఒళ్లు కాదు, పనే. జీడిగింజలు ఏరే కాలం ఎండలు ముదిరే కాలమే. మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు నాలుగైదు కిలోలకు మించి ఎత్తితే కుట్టు దగ్గర హెర్నియా (లోపలి పేగు బయటికి ఉబకడం) రావచ్చు. మందుల మోతాదు ఎక్కువగా ఉండే తొలి నెలల్లో మట్టిలోని, కుళ్లిన ఆకుల్లోని శిలీంధ్రాలు ఊపిరితిత్తులకు సోకే ప్రమాదమూ ఉంది. తోటే జీవనాధారమైన ఇంటికి ఎప్పటికీ వెళ్లవద్దని చెప్పడం న్యాయం కాదు. డాక్టరు అనుమతించాక మాస్కు, చేతి తొడుగులు, బూట్లు వేసుకుని, నీడలో కూర్చుని గింజలు వేరుచేసే పనితో మొదలుపెట్టవచ్చు.

అయితే నడక ఒక్కటే చాలదు, తొడల్లో బలం దానితో అంతగా తిరిగి రాదు. గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతుల ఊతం లేకుండా లేచి, అంతకంటే నెమ్మదిగా కూర్చోవాలి, ఊపిరి బిగపట్టకూడదు. ధబాలున కూలబడితే ఫలితం తగ్గుతుంది, ఎందుకంటే నెమ్మదిగా దిగేటప్పుడు కూడా తొడలు పని చేస్తాయి. గాయం పూర్తిగా మానాక, డాక్టరును అడిగి, దీన్ని రోజు విడిచి రోజు నడకకు జోడించడమే అన్నింటికంటే మేలని నా అభిప్రాయం. జ్వరం వచ్చినా, కిడ్నీ అమర్చిన చోట నొప్పి పుట్టినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా ఆ రోజు వ్యాయామం ఆపి, మార్పిడి చేసిన వైద్యులకు వెంటనే ఫోన్ చేయాలి.