పీహెచ్‌క్యూ-9: డిప్రెషన్‌ను పసిగట్టే ఒక పేజీ ప్రశ్నపత్రం

రాబర్ట్ స్పిట్జర్, కర్ట్ క్రోంకీ, జానెట్ విలియమ్స్ రూపొందించగా 2001లో ప్రచురితమైన ఈ ప్రశ్నపత్రాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, నింపడానికి ఐదు నిమిషాలు చాలు. గత రెండు వారాల్లో తొమ్మిది రకాల ఇబ్బందులు ఎంత తరచుగా వేధించాయో అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తుంది. మొత్తం 27లో 10 లేదా అంతకు మించి వస్తే డిప్రెషన్‌కు అవకాశం ఉందని, 20 లేదా అంతకు మించితే తీవ్రంగా ఉందని వైద్యులు అనుమానిస్తారు.

నాకు బాగా నచ్చింది మొదటి ప్రశ్న. అది దుఃఖాన్ని అడగదు, చేసే పనుల్లో ఆసక్తి, ఆనందం తగ్గాయా అని అడుగుతుంది. కన్నీళ్లు రావడం లేదు కాబట్టి తమకేమీ లేదనుకునేవారు చాలామంది అక్కడే ఆగి ఆలోచిస్తారు.

లోపాలూ ఉన్నాయి. నిద్ర పట్టకపోవడానికీ అతినిద్రకూ ఒకే గడి, ఆకలి మందగించడానికీ అతిగా తినడానికీ ఒకే గడి కావడంతో, వచ్చిన అంకెను బట్టి రోగి ఎటు మొగ్గాడో తెలియదు. నీరసం, నిద్ర, ఆకలి గురించిన ప్రశ్నలకు థైరాయిడ్ లోపం ఉన్నవారూ ఎక్కువ మార్కులే తెచ్చుకోగలరు. అంతకన్నా పెద్ద లోటు, గతంలో ఎప్పుడైనా అకారణమైన ఉత్సాహం, నిద్ర అక్కర్లేని హుషారు వచ్చాయా అని ఇందులో ఎక్కడా అడగకపోవడం; కుంగుబాటు, అతి ఉత్సాహం మార్చి మార్చి వచ్చే బైపోలార్ రుగ్మత ఉన్నవారికి యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్ మందు) ఒక్కటే ఇస్తే మేనియా, అంటే ఆ అతి ఉత్సాహ స్థితి, తలెత్తే ప్రమాదం ఉంది కనుక, ఆ సంగతి వైద్యులు విడిగా కనుక్కోవలసిందే.

రోగనిర్ధారణ కన్నా చికిత్స మొదలయ్యాకే ఇది ఎక్కువ అక్కరకొస్తుందని నా అభిప్రాయం. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆలోచనా ధోరణిని సరిదిద్దే సీబీటీ వంటి చికిత్సకూ ఓపిక కావాలి; ఏమీ మారలేదనిపించే ఆ కాలంలో, 18 ఉన్న మొత్తం 12కు దిగిందంటే అది చెప్పుకోదగ్గ మార్పే. సగానికి తగ్గితే చికిత్స పనిచేస్తున్నట్టు, 5 లోపు నిలిస్తే దాదాపు కోలుకున్నట్టు లెక్క. అయినా మందు ఎప్పుడు ఆపాలో ఈ అంకెను చూసి సొంతంగా తేల్చుకోకూడదు; కోలుకున్నాక కూడా కొన్ని నెలలు వాడమనే సాధారణంగా చెబుతారు.

యాప్‌లో నింపేవారికి ఒక జాగ్రత్త. తొమ్మిదో ప్రశ్న చావు తలంపుల గురించి, తనను తాను గాయపరచుకోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాక మరే జవాబు వచ్చినా, మొత్తం ఎంత తక్కువగా ఉన్నా సరే, ఆ రోజే వైద్యులతోనో, దగ్గరివారితోనో, అత్యవసర సహాయ కేంద్రంతోనో మాట్లాడాలి.