వీలునామానా, గిఫ్ట్ డీడా? ఇల్లు పిల్లలకు ఎలా రాస్తే మేలు

దస్తావేజులు రాసే పనిలో ఉన్నందువల్ల ఈ ప్రశ్న నాకు రోజూ ఎదురవుతుంది. "ఇల్లు పిల్లల పేర పెట్టేద్దామనుకుంటున్నాం, వీలునామా రాయమంటారా, గిఫ్ట్ చేసేయమంటారా?" అడిగేవాళ్లలో చాలామంది అరవై దాటినవాళ్లే. వాళ్ల పక్కన కొడుకో కూతురో నిలబడి ఉంటే మాత్రం ప్రశ్న కాస్త మారుతుంది: "గిఫ్ట్ అయితే తర్వాత గొడవ ఉండదట కదా?"

సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు, ఇద్దరు పిల్లలు, భార్యాభర్తలిద్దరూ అందులోనే కాపురం. ఎక్కువ మందిది ఇదే పరిస్థితి కాబట్టి ముందు దీని సంగతే చూద్దాం.

ఖర్చు దగ్గర పెద్ద చర్చ అక్కర్లేదు. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించినా రుసుము నామమాత్రం. గిఫ్ట్ డీడ్ కచ్చితంగా రిజిస్టర్ కావాలి. కుటుంబసభ్యులకైతే అమ్మకం కంటే తక్కువే పడుతుంది గానీ, ఇంటి మార్కెట్ విలువ మీద లెక్క కాబట్టి ఊరికే పోదు. ఆదాయపు పన్ను సంగతికొస్తే, కన్నబిడ్డకు గిఫ్ట్‌గా ఇచ్చినా వీలునామా ద్వారా వచ్చినా తీసుకున్నవాళ్ల మీద పన్ను పడదు. వారసత్వపు పన్నుగా ఒకప్పుడుండే ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు.

అసలు తేడా సంతకం పెట్టిన మర్నాడు తెలుస్తుంది. వీలునామా రాసినవారు మర్నాడు కూడా ఆ ఇంటికి యజమానే. అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, మనసు మారితే ఇంకోటి రాసుకోవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. గిఫ్ట్ చేసినవారికి ఆ ఇంట్లో ఉండే చోటు కూడా ఇంకొకరి దయే. గిఫ్ట్ దస్తావేజులో మామూలుగా రాసే వాక్యం ఒకటి చూడండి: "ఈ దినమే సదరు ఆస్తిని నీ స్వాధీనపరచినాను, ఇకమీదట నాకు గాని నా ఇతర వారసులకు గాని ఇందులో ఎట్టి హక్కు లేదు." చదివి వినిపిస్తుంటే పెద్దవాళ్లు తలూపుతూ వింటారు. ఆ వాక్యానికి అర్థం ఏమిటో విడిగా చెబితే కొందరు పెన్ను కింద పెట్టేస్తారు. పెట్టేసినందుకు నాకు సంతోషమే.

నా దృష్టిలో తేల్చాల్సింది ఇక్కడే. పిల్లలు మంచివాళ్లా కాదా అన్నది అసలు ప్రశ్నే కాదు. మంచి కొడుకుకే వ్యాపారంలో దెబ్బ తగలొచ్చు, బ్యాంకు ఆ ఇంటిని జప్తు చేయొచ్చు. గిఫ్ట్ తీసుకున్న బిడ్డ తల్లిదండ్రుల కంటే ముందే పోతే ఆ ఇల్లు ఆ బిడ్డ వారసులకు పోతుంది. హిందువుల్లో ఆ బిడ్డ వీలునామా రాయకుండా పోతే, కొడుకైతే తల్లికి కోడలితో, మనవలతో సమానంగా ఒక వాటా వస్తుంది, తండ్రికి ఏమీ రాదు. కూతురైతే అల్లుడూ పిల్లలూ ఉండగా తల్లికైనా తండ్రికైనా ఏమీ మిగలదు. ఇంత దూరం ఆలోచించి సంతకం పెట్టేవాళ్లు చాలా తక్కువ.

"చూసుకోకపోతే వెనక్కి తీసుకోవచ్చట కదా" అంటారు. దారి ఉంది, కానీ సులువుగా లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, పోషణ షరతు మీద ఇచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయొచ్చు. ఆర్డీవో దగ్గర అర్జీ పెట్టుకోవాలి. అయితే ఆ షరతు ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు జరిగేలా ఉదారంగా అర్థం చేసుకోవాలంటూ తల్లి ఇచ్చిన గిఫ్ట్‌ను రద్దు చేసింది. అక్కడ కూడా కొడుకు రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి "ప్రేమాభిమానములతో" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. డెబ్బై ఏళ్ల మనిషి కన్నకొడుకు మీద అర్జీ పట్టుకుని ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

గిఫ్ట్ వైపు న్యాయంగా చెప్పాల్సిన మాట కూడా ఉంది. ఇచ్చినవారు బతికుండగానే పేరు మారిపోతుంది, ఎవరైనా అడిగితే వాళ్లే సమాధానం చెప్పగలరు. వీలునామా అలా కాదు. రాసిన మనిషి పోయాకే అది బయటికొస్తుంది. వివాదం వస్తే సాక్షుల్లో కనీసం ఒకరు, బతికి ఉంటే, కోర్టుకొచ్చి చెప్పాలి. వీలునామాలు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఆస్పత్రి మంచం మీద రాసిన కాగితం, వణికిన సంతకం, ఆస్తి మొత్తం దక్కించుకున్న కొడుకే దగ్గరుండి అన్నీ నడిపించడం, సాక్షులుగా అతని బావమరదులు. కోర్టుకు అనుమానం రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే వీలునామా వైపు మొగ్గేవాళ్లకు నేను పట్టుబట్టి చెప్పేవి కొన్ని ఉన్నాయి. ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే రాయండి. సాక్షులిద్దరూ మీకంటే వయసులో చిన్నవాళ్లై ఉండాలి, ఆస్తిలో ఏ లాభమూ లేనివాళ్లై ఉండాలి. మీరు సంతకం పెట్టడం వాళ్లు చూడాలి, వాళ్లు మీ ఎదుట పెట్టాలి. వయసు మీరితే తెలిసిన డాక్టరును సాక్షిగా పెట్టుకోండి. ఒక బిడ్డకు తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక వాక్యం రాయండి: "మా అమ్మాయి పెళ్లికి, చదువుకు ఇదివరకే ఇంత ఇచ్చినందున" అన్న చిన్న మాట తర్వాత పెద్ద గొడవను ఆపుతుంది. డోర్ నంబరు, సర్వే నంబరు, నాలుగు హద్దులు తప్పకుండా ఉండాలి.

చట్టం అడగకపోయినా రిజిస్టర్ చేయించడమే మేలు. రిజిస్టర్ చేస్తే పిల్లలకు తెలిసిపోతుందని భయపడతారు. వీలునామాలను సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో వేరే పుస్తకంలో ఎక్కిస్తారు, రాసినవారు బతికున్నంతకాలం వారికో, వారి ఏజెంటుకో తప్ప నకలు ఎవరికీ ఇవ్వరు. నడవలేని స్థితిలో ఉంటే అధికారి ఇంటికొచ్చి రిజిస్టర్ చేసే వీలు కూడా చట్టంలో ఉంది.

ఈ రెండింటి మధ్య మూడో దారి, జీవితకాల హక్కు ఉంచుకుని సెటిల్‌మెంట్ చేయడం. "నా జీవితాంతం, నా తర్వాత నా భార్య జీవితాంతం ఈ ఇంటిని అనుభవిస్తాము, అద్దెలు తీసుకుంటాము" అని రాసుకుని హక్కు పిల్లలకు ఇస్తారు. స్వాధీనం ఇవ్వకపోయినా గిఫ్ట్ చెల్లుతుందని 2014లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు తేల్చింది. పిల్లలు పట్టుబడితే, తప్పదనుకుంటే ఇది చేయండి. పోషణ షరతు కూడా అందులోనే రాయించండి. అయినా ఇల్లు అమ్మి చికిత్స చేయించుకోవాల్సి వస్తే బిడ్డ సంతకం కావాలన్నది మరవొద్దు.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే ఎంపిక దానంతటదే తేలిపోతుంది. విభజన కాని మీ వాటాను మిగతా వాటాదారుల సమ్మతి లేకుండా గిఫ్ట్ చేయలేరు. హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ కింద ఆ వాటాకు వీలునామా రాయొచ్చు. ముందు భాగపరిష్కారం, అంటే వాటాల పంపకం, చేసుకుంటే ఇంకా శుభ్రం. అమ్మాయిల వాటా మరిచి రాసే పంపకాల కాగితాలు ఇప్పటికీ నా దగ్గరికొస్తున్నాయి, వాటిని నేను రాయను.

వ్యవసాయ భూమి గిఫ్ట్ చేస్తే తెలంగాణలో తహసీల్దారు దగ్గరే రిజిస్ట్రేషన్, పట్టా మార్పిడి అయిపోతాయి, రైతు భరోసా కూడా కొత్త పట్టాదారు ఖాతాలోకే వెళ్తుంది. నామినీ పేరు రాశాం కదా చాలు అనేవాళ్లకు ఒకటే మాట: మామూలుగా నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, నామినీ అయినంత మాత్రాన వారసుడు కాదు. ముస్లింలకు వీలునామా మీద మూడో వంతు పరిమితి ఉంది, వాళ్లు తెలిసిన లాయరును అడిగి చేయడం మంచిది. ఏమీ రాయకుండా వదిలేస్తే, హిందువుల్లో భర్త పోయాక భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు ఆయన తల్లి బతికుంటే ఆమెకూ సమాన వాటా వస్తుంది. పిల్లల మధ్య సఖ్యత ఉన్న ఇళ్లలో అది కూడా తప్పేం కాదు.

గిఫ్ట్ చేయమని నేనే చెప్పే సందర్భం ఒకటుంది. కొడుకో కూతురో తన డబ్బు పెట్టి పై అంతస్తు వేసుకుని ఉంటే, ఆ అంతస్తు, దానికి తగ్గ స్థలం వాటా విడిగా వాళ్ల పేర రిజిస్టర్ చేయించండి. వాళ్లకు లోను కావాలన్నా, తోబుట్టువులతో రేపు మాట రాకూడదన్నా అది అవసరం. మీరు ఉంటున్న కింది భాగం మాత్రం మీ పేరనే ఉంచుకుని, దానికి వీలునామా రాయండి.