బీఎంఎస్‌లో మొదటి ఉద్యోగం: ఆపరేటరా, కమిషనింగా?

విశాఖ కంచరపాలెంలో ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసిన తమ్ముళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. పెద్ద భవనంలో ఏసీ, పంపులు, అలారాలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో చూసుకునే వ్యవస్థే బీఎంఎస్ (బిల్డింగ్ మేనేజ్‌మెంట్ సిస్టమ్).

పని: ఆపరేటర్ రుషికొండ ఐటీ భవనంలోనో ఆసుపత్రిలోనో స్క్రీన్ చూస్తూ అలారాలకు స్పందిస్తాడు. కమిషనింగ్ మనిషి కొత్త భవనంలో ఈ వ్యవస్థను మొదలుపెట్టేవాడు: యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్ లాంటి కంట్రోలర్‌కు వైర్లు కలిపి, సెన్సర్లు సరిచూసి, ప్రోగ్రామ్ ఎక్కిస్తాడు.

శ్రమ: ఆపరేటర్‌కు నైట్ షిఫ్టులు. కమిషనింగ్‌లో దుమ్ము, నిచ్చెనలు, ఊళ్లు తిరగడం, భవనం అప్పగించే తేదీ టెన్షన్.

ఖర్చు: ఆపరేటర్‌కు పెద్దగా ఉండదు. కమిషనింగ్‌కు ల్యాప్‌టాప్, ట్రైనింగ్ ఎవరు ఇస్తారో చేరేముందే అడగండి.

నేర్చుకునేది: అసలు తేడా ఇక్కడే. ఏసీ తెలిసినవారికి నెట్‌వర్క్ రాదు, నెట్‌వర్క్ వచ్చినవారికి చిల్లర్ (ఏసీకి నీళ్లు చల్లబరిచే యంత్రం) ఎందుకు ట్రిప్పయిందో అర్థం కాదు. రెండూ తెలిసినవారు దొరకకే కంపెనీలు వెతుక్కుంటున్నాయి. యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషల్లాంటి బ్యాక్‌నెట్, మోడ్‌బస్ చేతికి వచ్చేది కమిషనింగ్ సైట్‌లోనే. అయితే మన ఉప్పుగాలికి బయటి సెన్సర్ ఎలా పాడవుతుందో, మే ఉక్కపోతలో భవనం ఎలా ఇబ్బంది పడుతుందో రోజూ చూసేది మాత్రం ఆపరేటరే. ఆ అనుభవాన్ని చిన్నచూపు చూడొద్దు.

రిస్క్: ఆపరేటర్ ఏళ్ల తరబడి అదే కుర్చీలో ఉండిపోవచ్చు. కమిషనింగ్‌లో ప్రాజెక్టుల మధ్య ఖాళీ రావచ్చు.

ఇంట్లో అమ్మానాన్నలను చూసుకోవాలంటే, సాయంత్రం కోర్సు చదవాలంటే ఆపరేటర్ మేలు. ఊరు దాటగలిగితే, 2025లో గూగుల్ విశాఖకు ప్రకటించిన డేటా సెంటర్ లాంటి చోట్ల పనిచేయాలనుంటే కమిషనింగ్‌లోనే చేరండి.