పాత ట్రక్కులో పట్టేసే పార్కింగ్ బ్రేకు: కొత్త కేబుళ్లు వేసి ఏళ్లు గడిచాక

వెనుక చక్రాలకు డ్రమ్ బ్రేకులున్న నా పాత పికప్ ట్రక్కులో హ్యాండ్ బ్రేకు లివరును పూర్తిగా దించినా ఎడమ వెనుక చక్రం పట్టు వదిలేది కాదు. పాత కేబుళ్లకు నూనె పోసి నెట్టుకురావడం మాని, లోపల నైలాన్ పొర, బయట ప్లాస్టిక్ తొడుగు ఉన్న కొత్త కేబుళ్లు వేశాను. వానలోనూ బురదలోనూ బరువులతోనూ ఏళ్ల తరబడి నడిపాక, ఈ కేబుళ్లు నిస్సందేహంగా వేసుకోదగినవేనని చెప్పగలను. అయితే వచ్చిన ఫలితంలో సగం కేబుళ్లదైతే మిగతా సగం డ్రమ్ము లోపల చేసిన పనిది.

బ్రేకు పట్టేసిందంటే కేబులే కారణమని ముందే తీర్మానించకూడదు. ముందు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, వెనుక భాగాన్ని జాకీతో లేపి స్టాండ్లపై నిలిపి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు దించి చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. బిగుతుగా ఉంటే, ముందు కేబులు వెనుక కేబుళ్లతో కలిసే ఈక్వలైజర్ దగ్గర నట్టు వదులు చేయాలి. అప్పుడు చక్రం తేలికగా తిరిగితే లివరునో ముందు కేబులునో చూడాలి, లేదా కేబులును అతిగా బిగించారేమో గమనించాలి. తిరగకపోతే వెనుక కేబులును, డ్రమ్ము లోపలి భాగాలను అనుమానించాలి. ఒకవేళ చక్రం దగ్గర బ్రేకు ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడర్ స్క్రూను కాస్త తెరవగానే చక్రం వదిలితే, తప్పు పార్కింగ్ బ్రేకుది కానే కాదు. లోపల వాచి మూసుకుపోయిన రబ్బరు గొట్టం లాంటిదేదో బ్రేకు ద్రవపు ఒత్తిడిని తిరిగి వెనక్కి పోనివ్వడం లేదన్నమాట. నా బండిలో డ్రమ్ము తీసి కేబులు కొసను విడదీశాక, ప్లయర్‌తో లాగినా లోపలి తీగ కదలలేదు.

తొడుగు పగిలిన చోట నీరు చేరి, పేనిన ఉక్కు తీగ తుప్పు పట్టి ఉబ్బి బిగుసుకుపోతుంది. లివరును ఎత్తినప్పుడు మన చేతి బలం తీగను లాగుతుంది గాని, దించినప్పుడు దానిని వెనక్కి తెచ్చేది చిన్న స్ప్రింగులు మాత్రమే. అందుకే బ్రేకు పడుతుంది, వదలదు. నూనె పోస్తే కొంతకాలం కదిలి, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని మళ్లీ మొదటికొస్తుంది. నైలాన్ పొర ఉన్న కేబులుకు ఆ అవసరం ఇంతవరకు రాలేదు. ఇలాంటి కేబులు బిగుసుకుందని మంట వచ్చే గ్యాస్ టార్చితో వేడి చేయడం మాత్రం ఎంతమాత్రం తగదు. సాధారణంగా వాడే నైలాన్ సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది.

డ్రమ్ము లోపల ముఖ్యమైనది, డ్రమ్మును లోపలి నుంచి నొక్కి ఆపే బ్రేకు షూకు బిగించి ఉండే పార్కింగ్ లివరు, దాని ఇరుసు పిన్ను. ఆ పిన్ను తుప్పుతో బిగుసుకుంటే ఎంత మంచి కేబులు వేసినా ఉపయోగం లేదు. దానిని విప్పి శుభ్రం చేశాను, రిటర్న్ స్ప్రింగులు మార్చాను, షూలు రాసుకునే బ్యాకింగ్ ప్లేటు మెట్లపై పడిన గాడులను సానపట్టి, వేడికి తట్టుకునే బ్రేకు గ్రీజును పలుచగా రాశాను. మామూలు గ్రీజు వేడికి కరిగి షూ మీది రాపిడి పొర అయిన లైనింగు మీదికి పాకుతుంది, ద్రవపు ఒత్తిడితో షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరును కూడా ఉబ్బిస్తుంది. పాత షూల ధూళిలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక గాలి కొట్టి ఊదకుండా, బ్రేకు క్లీనర్‌తో తడిపి తుడవడం తప్పనిసరి.

బిగింపు వరుస కూడా ముఖ్యమే. ముందుగా షూల ఎడాన్ని సరిచేసే పళ్ల చక్రం, అంటే స్టార్ వీలుతో షూలను డ్రమ్ముకు సరిపడా సర్ది, ఆ తరువాతే కేబులును బిగించాలి. ముందే కేబులు బిగిస్తే లోపలి లివరు తన స్థానానికి పూర్తిగా వెనక్కి రాదు, షూలు ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉంటాయి, బ్రేకు రాసుకుంటూ వేడెక్కుతుంది.

వాడకంలో గమనించినవి చెప్పాలి. కొత్త కేబుళ్లు మొదట్లో కొద్దిగా సాగాయి, ఒకసారి తిరిగి బిగించాక స్థిరపడ్డాయి. ఏటవాలులో బరువుతో నిలిపినప్పుడు పట్టు నిలకడగా ఉంది, లివరు దించగానే రెండు చక్రాలూ వెంటనే వదులుతున్నాయి. చాలాకాలం తడిలో నిలిపితే లైనింగు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కోవచ్చు, దానిని ఏ కేబులూ ఆపలేదు. అలాంటప్పుడు సమతలంలో గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయకుండా వదులుతాను. మిగతా రోజుల్లో మాత్రం తప్పక వేస్తాను, ఎందుకంటే వాడని కేబులే త్వరగా బిగుసుకుంటుంది. ఇదంతా కేబులుతో నడిచే బ్రేకు సంగతి. గాలి ఒత్తిడితో పనిచేసే పెద్ద ట్రక్కుల స్ప్రింగు ఛాంబరులో ప్రమాదకరమైన బలం బిగించి ఉంటుంది, దానిని నిపుణులకే వదలాలి.

నాకున్న ఒకే అసంతృప్తి కేబులు చివర ఉండే రబ్బరు బూటు గురించి. తొడుగు ఇంకా కొత్తదానిలా ఉన్నా ఆ రబ్బరు ముందుగా ఎండి పగుళ్లు చూపుతోంది. నీరు అక్కడి నుంచి కూడా దూరుతుంది కాబట్టి, చక్రం విప్పిన ప్రతిసారీ బూటును వేళ్లతో వంచి చూసి, పగులు కనిపిస్తే తీగ తడవక ముందే మార్చేస్తున్నాను.