650 రూపాయల హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ కిట్: ఐసీ మార్చాకే వినదగినదైంది

తిరుపతిలో రెసిస్టర్లు, కెపాసిటర్లు సులభంగానే దొరుకుతాయి గానీ, ఆడియోకు పనికొచ్చే మంచి ఐసీ (చిప్) కావాలంటే చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్ళడమో, కొరియర్‌లో తెప్పించుకోవడమో తప్పదు. నేను కొరియర్‌లోనే, చు మోయ్ రూపొందించిన ప్రసిద్ధమైన సర్క్యూట్‌ను అనుసరించి తయారుచేసిన ఒక హెడ్‌ఫోన్ యాంప్లిఫైయర్ కిట్‌ను 650 రూపాయలకు తెప్పించుకున్నాను. నా హెడ్‌ఫోన్ 250 ఓమ్‌లది, అంటే గట్టిగా వినిపించాలంటే ఎక్కువ వోల్టేజీ కోరే రకం. ఫోనుకు నేరుగా తగిలిస్తే, వాల్యూమ్ పూర్తిగా పెంచినా వీణ కచేరీ పక్కింట్లో జరుగుతున్నట్టు వినిపించేది.

కిట్‌లోని పీసీబీని (విడిభాగాలు అమర్చే బోర్డును) మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. ప్రతి విడిభాగం విలువా బోర్డు మీదే స్పష్టంగా ముద్రించారు. ఒక కెపాసిటర్‌ను ఊడదీసి మళ్ళీ సోల్డర్ చేయవలసి వచ్చినా రాగి పొర లేవలేదు. రెసిస్టర్లన్నీ 1 శాతం మెటల్ ఫిల్మ్ రకానివే. ఐసీని నేరుగా బోర్డుకు అతికించే పని లేకుండా 8 కాళ్ళ ఐసీ బేస్ కూడా ఇచ్చారు. అది లేకపోతే ఈ కిట్ నాకు దండగే అయ్యేది.

ఎందుకంటే పెట్టె మీద ఓపీఏ2134 అని ఉంటే, లోపల వచ్చినది ఎన్‌ఈ5532 అనే వేరే ఐసీ. అమ్మినవారికి ఫోన్ చేసి అడిగితే, "రెండింటి కాళ్ళూ ఒకటే సార్, ఏది పెట్టినా పనిచేస్తుంది" అన్నారు. కాళ్ళ అమరిక ఒకటే అన్న మాట నిజం. ఎన్‌ఈ5532 చెడ్డ ఐసీ కూడా కాదు, దశాబ్దాలుగా మిక్సర్లలో వాడుతున్నదే. అయితే దాని ఇన్‌పుట్‌లో ఉన్నవి మామూలు బైపోలార్ ట్రాన్సిస్టర్లు కాబట్టి, ఒక్కో ఇన్‌పుట్ కాలు సుమారు 200 నానో ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఈ సర్క్యూట్‌లో ఆ కరెంటు 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ గుండా రావాలి గనుక అక్కడ 20 మిల్లీవోల్టులు ఏర్పడతాయి, గెయిన్ (సిగ్నల్‌ను ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క) 11 కాబట్టి అవుట్‌పుట్‌లో అవి 220 అవుతాయి. ఓపీఏ2134 ఇన్‌పుట్‌లో ఫెట్‌లు అనే మరో రకం ట్రాన్సిస్టర్లు ఉంటాయి, అవి లాగే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ.

హెడ్‌ఫోన్ పెట్టకముందే మల్టీమీటర్‌తో చూసుకోవడం నాకు అలవాటు. ఎరుపు ప్రోబ్‌ను జాక్ కొనకు, నలుపును దాని గ్రౌండ్‌కు ఆనిస్తే మైనస్ 196 మిల్లీవోల్టులు చూపించింది, రెండో ఛానెల్‌లోనూ దాదాపు అంతే. పాట లేకపోయినా ఆ డీసీ (ఒకే దిశలో నిలకడగా ఉండే వోల్టేజీ) హెడ్‌ఫోన్‌లోని పొరను ఒకవైపుకు నెట్టి ఉంచుతుంది, కాయిల్‌ను వేడెక్కిస్తుంది, బ్యాటరీనీ తింటుంది. చెన్నైలో ఉన్న మా బావమరిదితో 320 రూపాయలకు అసలైన ఓపీఏ2134 తెప్పించి బేస్‌లో పెడితే, అదే చోట 4 మిల్లీవోల్టులు వచ్చాయి. ఎన్‌ఈ5532నే వాడక తప్పనివారు 100 కిలో ఓమ్‌ల చోట 10 కిలో ఓమ్‌లు వేయవచ్చు గానీ, అప్పుడు ఇన్‌పుట్ కెపాసిటర్‌ను 0.1 నుంచి 1 మైక్రోఫారడ్‌కు పెంచకపోతే మృదంగం తొప్పి ధ్వని పలచబడుతుంది.

కిట్‌తో వచ్చిన కాగితంలో మరో ముఖ్యమైన హెచ్చరిక లేదు. 9 వోల్టులను రెండు 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో సగానికి విడగొట్టి, ఆ మధ్య బిందువును గ్రౌండ్‌గా వాడతారు. కాబట్టి హెడ్‌ఫోన్ జాక్ గ్రౌండ్ వేరు, బ్యాటరీ మైనస్ వేరు. మొబైల్ రొద రాకుండా నేను బోర్డును చిన్న స్టీలు డబ్బాలో అమర్చాను. జాక్ గ్రౌండ్‌కు కలిసిన దాని అంచు, బ్యాటరీ మైనస్‌కు కలిసిన అడాప్టర్ సాకెట్ అంచు రెండూ డబ్బాకు తగిలి ఉంటే షార్ట్ అయ్యేది. సాకెట్ చుట్టూ ప్లాస్టిక్ వాషర్ వేశాను.

ఇప్పుడు వినికిడి విషయంలో ఏ లోటూ లేదు. బ్యాటరీ మీద నడుస్తుంది గనుక కరెంటు హమ్ అసలు లేదు. తంబూరా శ్రుతి మీద వీణ తీగను మీటిన తరువాత ఆ నాదం సన్నగిల్లుతూ పోవడం చివరిదాకా వినిపిస్తోంది. ఆల్కలైన్ బ్యాటరీ రోజుకు రెండు గంటల చొప్పున మూడు వారాలు వచ్చింది. 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్ వాడేవారికి మాత్రం 11 గెయిన్ ఎక్కువ. గెయిన్‌ను నిర్ణయించే 1 కిలో ఓమ్ రెసిస్టర్ స్థానంలో 2.2 కిలో ఓమ్‌లు వేస్తే అది 5.5కు తగ్గుతుంది, వాల్యూమ్ నాబ్‌ను సౌకర్యంగా తిప్పుకోవచ్చు.

బోర్డుకు అయిదుకు నాలుగున్నర ఇస్తాను, అమ్మినవారి తీరుకు ఒకటి. ఐసీ ధరలోని తేడా తిరిగి ఇవ్వమని రెండుసార్లు అడిగాను, ఇంతవరకు జవాబు రాలేదు.