రాత్రి తక్కువ సౌండ్‌లో వినేవాళ్లకి ఏ ప్రీఆంప్?

షిట్ ఆడియో వారి ఫ్రేయా ప్లస్ ప్రీఆంప్‌ను కొన్నేళ్లుగా రోజూ వాడుతున్నాను. ప్రీఆంప్ అంటే పాట వచ్చే పరికరానికీ, స్పీకర్లని నడిపే పవర్ ఆంప్‌కీ నడుమ ఉండి సౌండ్‌ని అదుపు చేసే పెట్టె. చూసినవాళ్లంతా ముందు దాని ట్యూబుల (సిగ్నల్‌ని పెంచే పాతకాలపు గాజు వాల్వుల) గురించే అడుగుతారు. నేను కొన్నది మాత్రం వాల్యూమ్ కంట్రోల్ కోసం.

మాది అపార్ట్‌మెంట్. ఇంట్లో వాళ్లు పడుకున్నాకే పాటలు వినే తీరిక దొరుకుతుంది. పాత ప్రీఆంప్‌లో నాబ్ కాస్త తిప్పగానే ముందు ఎడమ స్పీకర్ పలికేది, కుడిది తర్వాత అందుకునేది. ఘంటసాల, సుశీలల తొలినాళ్ల పాటలు చాలావరకు మోనో రికార్డింగులు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే ధ్వని. గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ నిలబడాలి. సౌండ్ తగ్గించేకొద్దీ అది ఎడమవైపు జరిగిపోయేది. అందుకే ఏ ప్రీఆంప్ చూడటానికి వెళ్లినా ఒక మోనో పాట పెట్టించి, సౌండ్ బాగా తగ్గించి విన్నాను. ఖరీదైనవాటిలోనూ కొన్ని ఈ పరీక్షలో తేలిపోయాయి.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. నా డాక్ (డిజిటల్ పాటని స్పీకర్లకి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే పరికరం) 2 వోల్టులు ఇస్తుంది. పవర్ ఆంప్ దాన్ని సుమారు 20 రెట్లు పెంచుతుంది. 40 వోల్టులంటే 8 ఓమ్‌ల స్పీకర్‌కి 200 వాట్లు! నా స్పీకర్లేమో 1 వాట్‌కే మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇస్తాయి. రాత్రి వినడానికి 60 డెసిబెల్స్ చాలనుకుంటే, కావలసింది వాట్‌లో వెయ్యో వంతు. అంటే ప్రీఆంప్ 2 వోల్టుల్ని నాలుగైదు మిల్లీవోల్టులకి దించాలి, 50 డెసిబెల్స్ పైనే తగ్గించాలి. మామూలు కార్బన్ ట్రాక్ నాబ్‌లో ఎడమ, కుడి ఛానెళ్లు రెండింటికీ పొత్తు కుదరనిది సరిగ్గా అక్కడే. గెయిన్ (సిగ్నల్‌ని పెంచే మోతాదు) ఎక్కువున్న ప్రీఆంప్ తెస్తే నాబ్‌ని ఇంకా కిందే ఉంచాల్సి వస్తుంది.

ఫ్రేయాలో వాల్యూమ్ రిలేల (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చుల) మీద నడుస్తుంది. మొత్తం 128 మెట్లు, ఒక్కో మెట్టు 0.625 డెసిబెల్. సౌండ్ తగ్గించేది స్థిరమైన రెసిస్టర్లే కాబట్టి ఎంత కిందికి దించినా గొంతు నడుమ నుంచి కదలదు. మెట్టు మారినప్పుడల్లా టిక్కుమంటుంది. రిలే వాల్యూమ్‌లన్నిటికీ ఉండేదే, నాకు అలవాటైపోయింది.

మోడ్‌లు మూడు: పాసివ్ (సౌండ్ తగ్గించడమే, ఏ సర్క్యూటూ తోడుండదు), బఫర్ (సిగ్నల్‌ని పెంచకుండా ముందున్న ఆంప్‌కి బలంగా అందిస్తుంది), ట్యూబ్. నేను ఎక్కువగా బఫర్‌లోనే ఉంచుతాను. అప్పుడు ట్యూబులు ఆరిపోతాయి, ఎండాకాలంలో గదికి ఆ వేడి తప్పుతుంది. ట్యూబ్ మోడ్‌లో సిగ్నల్ 4 రెట్లు పెరుగుతుంది, అంటే 12 డెసిబెల్స్. మోడ్ మార్చి అలాగే వింటే ట్యూబే గొప్పగా అనిపిస్తుంది. 19 మెట్లు తగ్గించి, రెండింటినీ ఒకే సౌండ్‌లో వింటే మిగిలే తేడా చాలా చిన్నది. గొంతులో కాస్త నిండుదనం వినిపిస్తుంది, అదీ కొన్ని పాటల్లోనే. ట్యూబుల కోసమే ఇంత డబ్బు పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఒక్క డాక్ మాత్రమే ఉండి, కేబుళ్లు పొట్టివైతే చవకైన పాసివ్ పెట్టె కూడా సరిపోవచ్చు. కాకపోతే అందులో 10 కిలోఓమ్‌ల నాబ్ ఉండేలా చూసుకోండి. 100 కిలోఓమ్‌లదైతే పొడవాటి కేబుల్‌తో పై స్వరాల్లో మెరుపు పోతుంది. ఛానెళ్ల పొత్తు ఎలా ఉందో దాన్నీ మోనో పాటతోనే చూడాలి.

రికార్డులు వినేవాళ్లకి ఒక మాట: ఫ్రేయాలో ఫోనో స్టేజ్ (రికార్డ్ ప్లేయర్ ఇచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం) లేదు. మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టి ఉంచే, ఎక్కువగా వాడే రకం భాగం) ఇచ్చే నాలుగైదు మిల్లీవోల్టులకి సుమారు 40 డెసిబెల్స్ గెయిన్ కావాలి. ఆ ఫోనో స్టేజ్ ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి. ఆర్డర్ పెట్టేటప్పుడు 230 వోల్టుల మోడలేనా అన్నది చూసుకోండి.