పట్టుచీరల బీరువాలో తేమ మీటరు: ఏడాది వాడినాక

ఆన్‌లైన్‌లో 460 రూపాయలకు కొన్నాను. అరచేతిలో పట్టే తెల్ల డబ్బా. ముందు రెండు అంకెలు కనిపిస్తాయి, పైన వేడి ఎంతుందో, కింద గాలిలో తేమ ఎంత శాతమో. మా ఇంటి గోడకు ఏమైందో ఇద్దరు పెయింటర్లకు అంతుపట్టలేదు, ఇది పట్టించింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నేను అనంతపురంలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఫాల్ వేయమని, పికో చేయమని ధర్మవరం పట్టుచీరలు ఇచ్చిపోతారు. పెళ్లిళ్లప్పుడు బీరువాలో పది, పదిహేను ఉంటాయి. పోయినేడు ఆగస్టులో ఒక చీర మడత విప్పితే లోపల పిండి చల్లినట్టు తెల్లగా బూజు. పెళ్లికూతురి చీర అది. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, చీర వైపే చూస్తా నిలబడింది. డ్రైక్లీనింగ్ డబ్బులు నేనే పెట్టుకున్నా. అంచు దగ్గర మచ్చ మాత్రం పోలేదు. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ఊర్లో బూజేంటని అందరూ అడిగినారు. నేనూ అదే అనుకున్నా. అంతకుముందు ఏడే బీరువా వెనక గోడ పెచ్చులు ఊడుతుంటే, చెమ్మ రాని పెయింటని చెప్పి 14 వేలు తీసుకొని పూసిపోయినారు. ఒక్క వానాకాలం కూడా నిలబడలేదు.

మీటరు కొంటే మొదట ఉప్పు పరీక్ష చేయండి. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా తడిముద్ద అయ్యేంత నీళ్లు చల్లి, మీటరుతో పాటు జిప్ కవర్లో పెట్టి ఒక రాత్రి వదిలేయాలి. తడి ఉప్పు దగ్గర గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడుతుంది. నాది 71 చూపించింది. అంటే నాలుగు తక్కువ చెప్తుంది. అప్పట్నుంచి నాలుగు కలుపుకొనే చదువుతున్నా, ఇక్కడ రాసే అంకెలన్నీ కలిపినవే. 60 దాటకుండా చూసుకోవాలి, 30 నుంచి 50 మధ్య ఉంటే ఇంకా మంచిదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్తుంది.

సెప్టెంబరులో హాల్లో పెడితే 66, బీరువా వెనక పెడితే 83. మధ్యలో పదడుగుల దూరం కూడా లేదు. బీరువా ఆనుకున్న గోడకు అవతల బాత్రూం. తెలిసిన మేస్త్రి వచ్చి ఆ గోడకు అడుగు వెడల్పు పాలిథిన్ కవర్ పెట్టి నాలుగు వైపులా టేపు అంటించినాడు. రెండు రోజుల తర్వాత తీస్తే కవర్‌కూ గోడకూ మధ్య నీటి చుక్కలు. "గోడలోంచే వస్తాండాయి తల్లీ నీళ్లు. పైన పెయింట్ వేస్తే లోపలే మగ్గుతాయి" అన్నాడు. గాలిలో తేమే కారణమైతే కవర్ పైవైపు తడవాల్సింది. బాత్రూం టైల్స్ సందులన్నీ తోడి మళ్లీ నింపించినాం. పాత పెయింట్ గీకేసి, నెలన్నర ఆరనిచ్చి, సున్నం కొట్టించినాం. బీరువాను గోడకు నాలుగంగుళాలు ఇవతలికి జరిపి, కాళ్ల కింద కడప బండ ముక్కలు పెట్టినా.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. ఏప్రిల్లో మీటరు ఇంకోటి చూపించింది. బయట పగలు గాలిలో తేమ 20 లోపే. రాత్రి కూలర్ వేసుకొని, కిటికీలు మూసి పడుకుంటే తెల్లవారుజామున 4 గంటలకు 81! కూలర్ చల్లబరిచేదే నీళ్లను గాలిలో కలిపి. ఆ గాలి బయటికి పోయే దారి లేకపోతే తిరిగి తిరిగి ఇంట్లోనే చిక్కబడుతుంది. దుమ్ము వస్తుందని ఇల్లు కట్టేటప్పుడే వెంటిలేటర్లకు అద్దాలు బిగించుకున్నాం, అది తప్పు. ఎదురెదురుగా ఉన్న రెండింటి అద్దాలు తీయించి దోమతెర కొట్టించినా. కూలర్‌ను కిటికీ బయట స్టాండు మీద పెట్టించినా. ఇప్పుడు అదే టైముకు 58 దాటడం లేదు. గది చల్లదనం కూడా పెరిగింది.

పాతూర్లో మా అవ్వ మిద్దెకు మీటరు తీసుకుపోయినా. మూరన్నర మందం రాతిగోడలు, లోపల సున్నం, పైకప్పు మీద చౌడు మట్టి, నడిమింట్లో గవాక్షి, అంటే గాలీ వెలుతురూ రావడానికి కప్పులో వదిలిన కంత. బయట వాన పడి నిలిచినా లోపల అంకె నాలుగైదుకు మించి కదల్లేదు. మట్టి, సున్నం తేమను పీల్చుకొని నిదానంగా వదుల్తాయి. ఏటా సున్నం కొట్టిన గోడకు బూజు అంత సులువుగా పట్టదు. కాకుంటే చౌడు జారిన చోట కారుతుంది, ఆ పని చేసేవాళ్లు ఇప్పుడు దొరకడమే కష్టం.

మీటరులో లోపాలు ఉన్నాయి. ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చితే అంకె కుదురుకోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. చీకట్లో కనపడదు. రాత్రి ఎంత దాకా ఎక్కిందో గుర్తుపెట్టుకోదు, అలారం పెట్టుకొని లేచి చూసుకోవాల్సి వచ్చింది. బీరువాలో నాఫ్తలిన్ గోలీలు వేస్తే చాలనుకునేవాళ్లకు ఒక మాట. అవి పురుగుల్ని ఆపుతాయి గానీ తేమను తగ్గించవు.

మొన్న రెండోది కొన్నా, ఎక్కువ తక్కువలు గుర్తుపెట్టుకునేది, 690 రూపాయలు. అది బీరువాలో. పాతది వంటింట్లో పెట్టినా. కిలో గ్యాస్ మండితే దగ్గర దగ్గర లీటరున్నర నీళ్లు ఆవిరిగా గాల్లో కలుస్తాయని ఇంటర్ చదివే మా అబ్బాయి లెక్క కట్టి చూపించినాడు. అంటే 14.2 కిలోల సిలిండరుకు ఇరవై లీటర్ల పైనే. పొద్దున ఇడ్లీలు పెట్టినాక చూస్తే 77 ఉండింది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు చెప్పినా, సోమవారం బిగిస్తారు.